స్కెల్డర్‌బీ కప్పు, మూడో ఏడు

మా ఊళ్ళో ఫ్లీస్ సత్రం గోడకు ఒక నల్లటి చెక్కపలక ఉంది. స్కెల్డర్‌బీ కప్పు మొదలైన ఏటినుంచి గెలిచిన గుర్రాల పేర్లూ, వాటినెక్కిన జాకీల పేర్లూ దానిమీద పసుపురంగుతో వరసగా రాసి ఉంటాయి. 1845, బ్రాకెన్, రూబెన్ గార్సైడ్. 1846, బ్రాకెన్, రూబెన్ గార్సైడ్. ఆ కింద 1847కి ఎదురుగా డర్హమ్ నుంచి వచ్చిన ఏదో గుర్రం పేరుంటుంది. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు బీరు తాగుతూ ఆ పలక చదివి, "వరసగా రెండేళ్ళు గెలిచినవాడు మూడో ఏడు ఏమయ్యాడు?" అని అడుగుతారు. సత్రంవాళ్ళు తమకు తెలిసింది చెబుతారు. వాళ్ళకు తెలిసింది సగమే. రూబెన్ గార్సైడ్ నా మొగుడు. మిగతా సగం నేను చెప్పాలి.

రూబెన్ పన్నెండో ఏట ఓల్డ్‌రాయిడ్ లాయంలో చేరాడు. మార్‌వుడ్ దొరగారి పందెపు గుర్రాలన్నిటికీ శిక్షణ ఇచ్చేది ఆ ఓల్డ్‌రాయిడే. రూబెన్ పొట్టివాడే గాని ఎముక బరువైనది. వాళ్ళ నాన్న గనిలో రాళ్ళు కొట్టేవాడు. ఆ భుజాలే ఇతనికీ వచ్చాయి. కడుపునిండా తింటే నూట ముప్ఫై అయిదు పౌండ్లు తూగేవాడు. కప్పు పందెంలో జీనుతో కలిపి నూట పద్దెనిమిది దాటకూడదు. అంటే ఏటా ఆగస్టు పందేలకు ముందు మూడు వారాల్లో ఒంట్లోంచి ఇరవై పౌండ్లు కరిగించాలి.

ఎలా కరిగిస్తారో చూస్తేగాని తెలియదు. పొద్దున్నే మూడు ఉన్ని చొక్కాలు, రెండు కోట్లు వేసుకుని మిట్టమీద పది మైళ్ళు నడిచేవాడు. వచ్చాక పొయ్యి ముందు దుప్పట్లు కప్పుకుని కూర్చునేవాడు. అదీ చాలకపోతే లాయం వెనక ఎరువుకుప్పలో గొయ్యి తవ్వుకుని, మెడదాకా పేడ కప్పించుకుని, ఆ వేడికి గంటసేపు ఉడికేవాడు. తిండి సగం ఎండు బిస్కెట్టు. తాగేది రెండు గుక్కల టీ. మూడోవారం వచ్చేసరికి బుగ్గలు లోపలికి పీక్కుపోయి, కళ్ళు గుంటలు పడి, మాట్లాడితే నాలుక అంగిట్లో అంటుకుని చప్పుడయ్యేది.

మా పక్కింట్లో కెజయా ఉండేది. మొగుడు పోయిన మనిషి. బట్టలు ఇస్త్రీ చేసి కొడుకుని పెంచింది. ఆ కొడుకు సైలస్‌కి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఓల్డ్‌రాయిడ్ లాయంలోనే గుర్రాలను పొద్దున్నపూట పరుగు తీయించేవాడు. వాడికి కళ్ళెం పట్టుకోవడం నేర్పింది రూబెనే. మాకు పిల్లల్లేరు. సైలస్ మా వంటింట్లోకి తలుపు తట్టకుండా వచ్చేవాడు, ఏది కనిపిస్తే అది తినేవాడు, అయినా ఈతబెత్తంలా ఉండేవాడు.

"నువ్వు తినేదంతా ఎక్కడికి పోతుందిరా?" అని నేనంటే, "మా అమ్మ తిట్లతోనే కడుపు నిండిపోతుంది పిన్నీ, ఇంక తిండికి చోటేది?" అనేవాడు. రూబెన్‌నీ వదిలేవాడు కాదు. "బాబాయ్ లాయంలో కూర్చుంటే ఎలకలు జాలిపడి రొట్టెముక్కలు వదిలేసి పోతున్నాయి పిన్నీ. నా కళ్ళారా చూశాను."

"నోర్ముయ్యరా గాడిదా," అని రూబెన్ నవ్వేవాడు. ఆ మూడు వారాల్లో అతను నవ్వేది సైలస్ ఉన్నప్పుడే.

రెండోసారి కప్పు గెలిచిన రోజున రూబెన్ గుర్రం దిగి తూకానికి నడుస్తూ నడుస్తూ పడిపోయాడు. ఇంటికి మోసుకొచ్చారు. రెండ్రోజులు నెత్తురు కలిసిన మూత్రం పోశాడు. వైద్యుడు వచ్చి నాడి చూసి నన్ను గుమ్మం బయటికి పిలిచాడు. "ఇంకొక్కసారి ఇలా ఎండగట్టుకుంటే గుండె ఆగిపోతుందమ్మా. పందెంలోనో, ఇంట్లోనో నేను చెప్పలేను. ఆగడం మాత్రం ఖాయం," అన్నాడు. అదే మాట రూబెన్‌కీ చెప్పాడు. రూబెన్ తలూపాడు. చలికాలమంతా మంచి తిండి తిని, కాస్త ఒళ్ళు చేసి, మనిషిలా కనిపించాడు.

1847 జులై వచ్చేసరికి మళ్ళీ ఉన్ని చొక్కాలు బయటికి తీశాడు.

"ఏమయ్యా, వైద్యుడి మాట మర్చిపోయావా?" అన్నాను.

"ఒక్కటే హెప్సీ. ఇదొక్కటే."

"పోయిన ఏడూ ఇదే మాటన్నావు."

"పోయిన ఏటిది రెండోది. మూడుసార్లు వరసగా గెలిస్తే కప్పు ఇంక దొరగారిదే, ఎవరికీ తిరిగివ్వక్కర్లేదు. మూడోది గెలిచిపెడితే మిట్టకింది రాతి ఇల్లు మనకి రాసిస్తానన్నాడు. మనం చచ్చేదాకా మనదే."

"చచ్చేదాకా అంటే? సెప్టెంబరు దాకానా?"

అతనికి కోపం వచ్చింది. "ఇరవై ఏళ్ళు గుర్రాల వెనక పేడెత్తి ఇక్కడిదాకా వచ్చాను. ఇప్పుడు చేతికందిందాన్ని వదిలెయ్యమంటావా? బ్రాకెన్ నా మాట తప్ప ఇంకొకళ్ళ మాట వినదు."

ఆ గుర్రం సంగతి నిజమే. శరత్కాలంలో మా మిట్టమీద ఎండిపోయే బ్రాకెన్ పొదలాగా ఎర్రగోధుమ రంగుది. రూబెన్ అడుగుల చప్పుడు వింటే లాయంలోంచి సకిలించేది. నేను ఓల్డ్‌రాయిడ్ దగ్గరికి వెళ్ళి బతిమాలాను. "నీ మొగుడు చిన్నపిల్లాడు కాదమ్మా," అన్నాడాయన. చాపెల్ పెద్దకి చెప్పుకున్నాను. పందేలంటేనే పాపమని ఆయన గంటసేపు చెప్పాడు గాని, రూబెన్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంకెవరికి చెప్పుకోను?

పందెం రోజు పొద్దున ఆరింటికి లాయంలో తూచారు. తూకం సరిపోయింది, పైగా ఒక పౌండు తేలిగ్గా ఉన్నాడు. మధ్యాహ్నం దాకా ఇంట్లో పడుకోమని ఓల్డ్‌రాయిడ్ పంపించాడు. లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మెడలో నరం టకటక కొట్టుకోవడం ఇవతల పొయ్యి దగ్గరున్న నాకు కనిపించింది. ఆ నరాన్ని చూస్తూ నేను ఆ పని చెయ్యాలని అనుకున్నాను. అంతకుముందు అనుకోలేదు. ఇది మాత్రం నమ్మాలి.

మా వంటింటి దూలానికి ఉప్పులో ఊరబెట్టి ఎండేసిన పంది తొడ వేలాడుతోంది. దాన్ని వండాలంటే ఒక పగలూ రాత్రీ నీళ్ళలో నానబెట్టి ఉప్పు వదలగొట్టాలి. మా ప్రాంతంలో ఏడేళ్ళ ఆడపిల్లకైనా తెలిసిన సంగతే. నేను నానబెట్టకుండానే ఒక పల్చటి ముక్క కోసి, పెనంమీద వేశాను. ఆ వాసనకు రూబెన్ కళ్ళు తెరిచాడు.

"ఏం చేస్తున్నావే? వద్దు."

"రెండు ఔన్సులు కూడా ఉండదు. నీకింకా పౌండు వెసులుబాటుందిగా. గుర్రంమీద నిటారుగా కూర్చునే సత్తువైనా ఉండద్దూ?"

కాసేపు ఆ ముక్కవైపే చూశాడు. తర్వాత తిన్నాడు. కళ్ళు మూసుకుని, చిన్నచిన్న ముక్కలు చేసుకుని, ఒక్కొక్కటీ చాలాసేపు నములుతూ తిన్నాడు. మూడు వారాలుగా ఏ రుచీ ఎరగని నాలుకకి ఉప్పు ఎక్కువైందని తెలియలేదు. లేదా తెలిసినా అదే హాయిగా ఉందేమో. తినడం అయ్యాక నా చెయ్యి తీసుకుని చెంపకి ఆనించుకున్నాడు. "హెప్సీ, జన్మలో ఇంత రుచైనది తినలేదు," అన్నాడు. నేను పళ్ళెం తీసుకుని అవతలికి వెళ్ళాను.

గంట గడిచేసరికి కుదురుగా కూర్చోలేకపోయాడు. పెరట్లోకి వెళ్ళి పంపు కొట్టి నోరు పుక్కిలించి ఉమ్మేసి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ ఉమ్మాడు. ఆ తర్వాత వెళ్ళినప్పుడు ఉమ్మిన చప్పుడు వినపడలేదు. పంపుచెయ్యి మాత్రం కిర్రుకిర్రుమని చాలాసేపు కొట్టుకుంది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. దేవుడు నన్ను క్షమించాలి, ఆ క్షణాన నాకు సంతోషమేసింది. తూకం దాటిపోతాడు, ఇంక గుర్రమెక్కడు, బతుకుతాడు అనుకున్నాను. మొగుడు ఎక్కకపోతే ఆ గుర్రాన్ని ఇంకెవరెక్కుతారన్న ఆలోచన నాకు రానేలేదు. అప్పుడొచ్చి ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ తెలియదు.

లోపలికొచ్చినప్పుడు అతని గడ్డం తడిగా ఉంది. నావైపు చూడలేదు. కోటు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు మిట్టమీద జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. నేనూ కెజయా గెలుపు స్తంభానికి కాస్త ఎగువన గట్టుమీద నిలబడ్డాం. కెజయా ఉడకబెట్టిన బఠాణీలు కొని, పొట్లం నా చేతిలో పెట్టి, "తినవే, నువ్వు కూడా మీ ఆయనతోపాటు ఎండిపోతున్నావు," అంది. నేను పొట్లం అలాగే పట్టుకుని నిలబడ్డాను.

తూకం గుడారంలో జరిగింది తర్వాత రూబెన్ చెబితే తెలిసింది. జీను పట్టుకుని త్రాసులో కూర్చున్నాడు. నాలుగు పౌండ్లు ఎక్కువ వచ్చింది. తూకందారు మళ్ళీ తూచాడు. అదే. ఓల్డ్‌రాయిడ్ మొహం తెల్లగా పాలిపోయింది. మార్‌వుడ్ దొరగారు మాత్రం గొంతు పెంచలేదట. "నాలుగు పౌండ్లు అదనంగా మోసి నా గుర్రం గెలవదు. తేలికైనవాణ్ణి ఎక్కించు," అన్నాడట. ఖాళీగా ఉన్న జాకీ ఎవరూ దొరకలేదు. ఓల్డ్‌రాయిడ్ చుట్టూ చూశాడు. బ్రాకెన్ కళ్ళెం పట్టుకుని నిలబడ్డ సైలస్ కనిపించాడు.

దొరగారి గుర్రమెక్కేవాళ్ళు వేసుకునే ఆకుపచ్చ చొక్కా రూబెన్ భుజాల కొలతకు కుట్టింది. సైలస్‌కి సంచిలా వేలాడింది. రూబెనే తన చేత్తో వెనక మడత పెట్టి పిన్నులు గుచ్చాడు. గుచ్చుతూ చెప్పాడట, "ఒరే, బట్టీ మలుపు దగ్గర లోపలివైపు పోకు. అక్కడ ఊట ఉంది, పైకి పచ్చగా కనిపిస్తుంది, కింద బురద. దారి ఎంత ఖాళీగా ఉన్నా సరే పోకు. బయటినుంచి తిప్పు. నాలుగు గుర్రాలు నిన్ను దాటిపోయినా కంగారు పడకు, చివర ఎత్తెక్కేచోట బ్రాకెన్ అన్నిటినీ పట్టేస్తుంది."

"తెలుసు బాబాయ్. రోజూ పరుగెత్తించేది నేనే కదా."

"రోజూ పక్కన పది గుర్రాలుండవురా."

సున్నపు బట్టీ పక్కన దారి ఒక్కసారిగా దిగువకు వంగి తిరుగుతుంది. అందుకే దాన్ని బట్టీ మలుపంటారు. రూబెన్ రెండేళ్ళూ అక్కడ వెనకబడి, తర్వాత గెలిచాడు.

గుర్రాలు బయటికి రాగానే జనంలో గొడవ మొదలైంది. "గార్సైడ్ కాదురోయ్! ఎవడో బుడ్డోడు!" అని ఎవడో అరిచాడు. కెజయా చేతిని కళ్ళకి అడ్డం పెట్టుకుని చూసింది. నా చేతిలోని పొట్లం జారి బఠాణీలు నేలమీద పడ్డాయి.

"హెప్సీ! నా సైలస్! అది నా సైలసే కదే? కప్పు పందెంలో! నా కొడుకు!" అని నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "రూబెన్‌కేమైంది? ఒంట్లో బాలేదా? అయ్యో, నా సంతోషంలో నేను... రూబెన్ బాగానే ఉన్నాడంటావా?"

"బాగానే ఉంటాడు," అన్నాను.

జెండా కిందికి దిగింది. పదకొండు గుర్రాలు. మొదటి మైలంతా సైలస్ బాగా నడిపాడు. మధ్యలో, కుదురుగా, రూబెన్‌లాగే వీపు వంచి కూర్చున్నాడు. కెజయా ఏదో ప్రార్థన గొణుగుతూనే ఉంది. బట్టీ దగ్గరికి వచ్చేసరికి ముందున్న రెండు గుర్రాలూ బయటికి జరిగాయి. లోపలివైపు దారి తలుపు తీసినట్టు ఖాళీ అయింది. పంతొమ్మిదేళ్ళవాడు. చుట్టూ అంత జనం అరుస్తున్నారు. తల్లి చూస్తోందని తెలుసు. లోపలికి పోయాడు.

బ్రాకెన్ ముందుకాళ్ళు బురదలో దిగబడ్డాయి. గుర్రం తలకిందులైంది. వెనకనుంచి వస్తున్న రెండు గుర్రాలు ఆగలేక దానిమీదినుంచే పోయాయి.

జనం "ఓ" అన్నారు. కెజయా నా చెయ్యి వదిలేసి పరుగెత్తింది. గౌను ఎత్తిపట్టుకుని, యాభై ఏళ్ళ మనిషి, గొర్రెపిల్లలా గట్టు దిగి పరుగెత్తింది. నేను వెనక వెళ్ళాను. వెళ్ళేసరికి రూబెన్ అక్కడున్నాడు. సైలస్‌ని చేతులమీద ఎత్తి, సున్నం కాల్చేవాళ్ళ గుడిసెలోకి తీసుకెళుతున్నాడు. బ్రాకెన్ ముందుకాలు విరిగి వేలాడుతోంది. లేవబోతోంది, పడిపోతోంది. ఎవరో తుపాకీ తెచ్చారు.

సైలస్ ఇంకో రెండు గంటలు బతికాడు. ఎక్కువ మాట్లాడలేదు. "గుర్రమేమైంది బాబాయ్?" అని అడిగాడు. "బాగుందిరా, లేచింది," అన్నాడు రూబెన్. "లోపలికి పోయాను," అన్నాడు సైలస్. తర్వాత తల్లి వేలు పట్టుకున్నాడు. ఎండ ఇంకా గుడిసె గుమ్మంలో ఉండగానే పోయాడు.

అందరూ చూస్తుండగా రూబెన్ కెజయా ముందు మోకాళ్ళమీద కూలబడ్డాడు. "నేను చంపాను. దాహం ఆపుకోలేకపోయాను. పెరట్లో పంపు దగ్గర గొడ్డులా తాగాను. మధ్యాహ్నం దాకా ఆగి ఉంటే గుర్రంమీద నేనుండేవాణ్ణి. నేనైతే బయటికి తిప్పేవాణ్ణి," అని ఏడ్చాడు.

కెజయా అతని తలమీద చెయ్యి పెట్టింది. "లే నాయనా. మూడు వారాలు నోరు కట్టుకున్నవాడివి. దాహమేస్తే తాగవా? నీళ్ళు తాగడం కూడా పాపమేనా?"

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఏ మాటా రాలేదు. ఆ రోజు రాని మాట, మర్నాడు సమాధి దగ్గరా రాలేదు, ఆ వారం రాలేదు, ఆ నెలా రాలేదు. చెప్పకుండా గడిచిన ప్రతి రోజూ చెప్పడం ఇంకాస్త కష్టమైపోయింది.

రూబెన్ మళ్ళీ పందెమెక్కలేదు. ఓల్డ్‌రాయిడ్ పిల్లగుర్రాలను చూసుకునే పని ఇచ్చాడు. పొద్దున్న వెళ్ళేవాడు, సాయంత్రం వచ్చి పొయ్యివైపు చూస్తూ కూర్చునేవాడు. తిండి ముట్టేవాడు కాదు. నేను పళ్ళెం పెడితే రెండు ముద్దలు తిని పక్కకు నెట్టేసేవాడు. "ఆకలిగా లేదు," అనేవాడు. నీళ్ళు తాగేటప్పుడు సగం గ్లాసు దగ్గర ఆగి, మిగిలింది పారబోసేవాడు. క్రిస్మస్ వచ్చేసరికి పందెపు రోజుల్లోకన్నా చిక్కిపోయాడు. ఏ తూకం కోసం ఏళ్ళతరబడి పేడకుప్పల్లో ఉడికాడో, ఎవరూ అడక్కుండానే దానికంటే కిందికి దిగిపోయాడు. వైద్యుణ్ణి పిలిస్తే, "దీనికి నా దగ్గర మందు లేదమ్మా," అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మంచు కురుస్తోంది. గంజి చేసి ముందు పెట్టాను. ముట్టుకోలేదు. నేను ఎదురుగా కూర్చుని చెప్పాను. పంది తొడ నానబెట్టలేదని చెప్పాను. కావాలనే చేశానని చెప్పాను. తలుపు వెనక నిలబడి పంపు చప్పుడు విన్నానని కూడా చెప్పాను.

గంజిగిన్నెను పక్కకి జరిపాడు. తర్వాత మెల్లగా, "నేను గుర్రం ఎక్కకూడదని చేశావా?" అన్నాడు.

"అవును. నీ మెడలో నరం కొట్టుకుంటోంది. నువ్వు చచ్చిపోతావనుకున్నాను."

"సైలస్‌ని ఎక్కిస్తారని తెలుసా?"

"ఒట్టు, తెలీదు. ఆ ఆలోచనే రాలేదు."

కిటికీలోంచి మంచువైపు చూశాడు. తర్వాత వింతగా నవ్వాడు. "ఎంత రుచిగా ఉందో అనుకున్నానే. ఆ గుడిసెలో వాడి పక్కన కూర్చున్నప్పుడు కూడా నా నోట్లో ఆ రుచి ఉంది."

లేచి కోటు వేసుకుని మంచులోకి వెళ్ళిపోయాడు. ఇంక రాడనే అనుకున్నాను. చీకటి పడే వేళకి వచ్చాడు. బల్ల దగ్గర కూర్చుని, చల్లారిపోయిన గంజి మొత్తం తిన్నాడు. రొట్టె తెచ్చుకుని అదీ తిన్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. బతుకుతాడని అర్థమైంది. నేనతనికి ఇంకేమీ కానని కూడా అర్థమైంది.

పడుకోబోయే ముందు ఒక్క మాటన్నాడు. "కెజయాకి నేను చెప్పను. చెప్పాల్సిన మనిషివి నువ్వు."

ఈస్టరు దాటేదాకా నాకు ధైర్యం చాలలేదు. ఒక మంగళవారం వెళ్ళాను. కెజయా ఇస్త్రీ చేస్తోంది. ఎవరిదో తెల్ల చొక్కా. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాను.

ఇస్త్రీపెట్టె పొయ్యిమీద పెట్టింది. "మళ్ళీ చెప్పు," అంది.

మళ్ళీ చెప్పాను.

"రూబెన్‌కి తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఫిబ్రవరి నించి."

నేను రెండడుగులు ముందుకు వేశాను. చెయ్యి అడ్డం పెట్టింది. "కాళ్ళమీద పడదామని వచ్చావేమో. పడకు. నేల ఇప్పుడే కడిగాను." ఇంకో ఇస్త్రీపెట్టె తీసుకుని చొక్కా చేతులు మడిచి రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూనే అంది, "నీ మొగుణ్ణి నువ్వు కాపాడుకున్నావు. నీ చోట నేనుంటే నేనూ అదే చేసేదాన్నేమో. ఏమోనేంటి, చేసేదాన్నే. అయినా నా గుమ్మం మళ్ళీ తొక్కకు హెప్సీ."

తొక్కలేదు. ఇరవై ఒక్కేళ్ళు గోడకి ఇటు నేను, అటు తను. పంపు దగ్గర ఎదురైతే నేను పక్కకి తప్పుకునేదాన్ని. తను ఊళ్ళో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు ఈ ఊళ్ళో నిలువనీడ ఉండేది కాదు. ఎందుకు చెప్పలేదో నేను అడగలేదు.

రూబెన్ మాత్రం ప్రతి ఆదివారం చాపెల్ అయ్యాక అటే వెళ్ళేవాడు. బొగ్గులు కొట్టిపెట్టేవాడు, ఇంటి పైకప్పు కారితే ఎక్కి రాతిపలకలు సర్దేవాడు, మధ్యాహ్నం భోజనం అక్కడే చేసేవాడు. గోడ అవతలినుంచి వాళ్ళ మాటలు లీలగా వినిపించేవి. ఒకోసారి కెజయా నవ్వు కూడా. నాతో అవసరమైనవి మాట్లాడేవాడు. జీతం తెచ్చి ఇచ్చేవాడు, ఎప్పుడూ చెయ్యెత్తలేదు, ఒక చెడ్డమాట అనలేదు. పేరు పెట్టి పిలవడం మాత్రం మానేశాడు. ఏడేళ్ళు గడిచాయి. ఒక జనవరిలో నేను పెరట్లో మంచుమీద జారి పడ్డాను, చీలమండ విరిగింది. అతను పరుగెత్తుకొచ్చి ఎత్తుకున్నాడు. "హెప్సీ, ఎక్కడ తగిలింది? హెప్సీ!" అన్నాడు. నొప్పికి ఏడుస్తున్నాననుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ పేరు పెట్టి పిలిచేవాడు, అప్పుడప్పుడు.

పందెం కమిటీవాళ్ళు మరుసటి ఏడే బట్టీ దగ్గరి నేల కొని, ఊటను రాళ్ళతో పూడ్చి, మలుపును వెడల్పు చేశారు. మళ్ళీ అక్కడ ఎవరూ పడలేదు. మార్‌వుడ్ దొరగారు గుర్రాలు అమ్మేసి ఇటలీ వెళ్ళిపోయారు. రాతి ఇంట్లో ఎవరో గుమాస్తా చేరాడు. తర్వాత రైలొచ్చింది. జనం పెద్ద ఊళ్ళ పందేలకు పోవడం మొదలుపెట్టారు. కప్పు పందెం ఏటికేడు చిన్నదైపోతూ, 1868తో ఆగిపోయింది. పలకమీద ఇంకా సగం చోటు ఖాళీగానే ఉంది. ఇప్పుడు ఆ మిట్టమీద గొర్రెలు మేస్తున్నాయి.

ఆ మరుసటి మార్చిలో రూబెన్ పోయాడు. ఈనిన గుర్రం దగ్గర వానలో నిలబడి, రొమ్ము పట్టేసి, తొమ్మిది రోజులు మంచంలో ఉన్నాడు. చివరి మధ్యాహ్నం నేను పక్కనే ఉన్నాను. నిద్రలోనే ఊపిరి ఆగిపోయింది.

శవపేటిక ముందుగదిలో పెట్టాం. లాయంవాళ్ళు వచ్చారు, చాపెల్‌వాళ్ళు వచ్చారు, వెళ్ళారు. సాయంత్రం నేనొక్కదాన్నే ఉండగా తలుపు తెరుచుకుంది. కెజయా. డెబ్బై దాటిన మనిషి, నడుం వంగిపోయి, కర్ర పట్టుకుని వచ్చింది. నేను లేవబోయాను. కూర్చోమని కర్రతోనే సైగ చేసింది. ఎదుటి కుర్చీలో కూర్చుని రూబెన్ మొహాన్ని చాలాసేపు చూసింది.

"బాధపడ్డాడా?" అంది.

"లేదు. నిద్రలోనే."

"ఏమైనా తిన్నాడా?"

"పొద్దున కాస్త పాలూ రొట్టె."

తలూపింది. కర్రమీద రెండు చేతులూ పెట్టి నేలవైపు చూసింది.

"ఆ రోజు నా వాడు పొద్దున్నే ఏమీ తినకుండా పోయాడు," అంది. "చొక్కా గుండీ ఊడిందని నేను కేకలేశాను. అలిగి తినకుండా పోయాడు. నీకు తెలీదు అది. రూబెన్‌కి కూడా చెప్పలేదు."

ఇంకాసేపు కూర్చుంది. పొయ్యిలో బొగ్గు తగ్గితే లేచి నేను వేశాను. తర్వాత తను లేచింది, తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది, వెళ్ళిపోయింది. అవతల తన గడియ వేసుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు బతికింది. మళ్ళీ మేం మాట్లాడుకోలేదు.